ఏటేటి పూడిక



నడివేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో తెనాలి పట్టణమున వంతెనపై నిలిచి క్రిందికి చూచినవారికి ఒక దృశ్యము పరిచితమే. ఊరి నడుమ పారు మూడు కాలువలలోను నీరు తగ్గి అడుగు బయటపడును. ఒండ్రుమట్టియు, తూడును, గుఱ్ఱపుడెక్కయు కనుపించును. రేపల్లెవైపు పోవు కాలువల గతియు, బాపట్ల సీమకు నీరిచ్చు కొమ్మమూరు కాలువ గతియు ఇంతే. కృష్ణపై 1855లో ఆనకట్ట పూర్తియైన నాటినుండియు, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన తరువాతను, పశ్చిమ డెల్టా రైతు ఎరిగిన సత్యమొకటి కలదు. కాలువ పూడును. ఎంత శ్రద్ధతో త్రవ్వినను మరల పూడును. అయినను, నిరుడు తీసిన పూడిక ఈ యేడు మరల చేరినదని కోపించి కాలువను మూసివేసిన ఇంజనీరు లేడు. ఆ కాలువక్రింద సేద్యము మానుకొన్న రైతును లేడు. పలుగు పారలు పట్టుకొని మరల దిగుదురు. తొలకరి తరువాత నీరు వదలుదురు. నాట్లు పడును.

ఇంత తెలిసిన మనము మన హృదయము విషయమున మాత్రము వేరొక న్యాయము పాటించుచున్నాము. ఒకమారు శుభ్రపరచితిమి గనుక ఇక పూడరాదని శాసించుకొందుము. పూడినచో, ఈ కాలువకు ఇక నీరు రాదని నిశ్చయించుకొందుము. ఈ నిశ్చయము ఎంతవరకు సత్యమో విచారించుటకే నేటి ప్రసంగము.

డిసెంబరు 31వ తేది రాత్రి మన ప్రాంతపు క్రైస్తవ దేవాలయములు క్రిక్కిరిసి యుండును. అర్ధరాత్రి దాటి నూతన సంవత్సరము ప్రవేశింపగనే, వాగ్దాన వాక్యము అచ్చువేసిన చీటి ఒక్కటి చేతికి వచ్చును. దానిని కండ్లకద్దుకొని, మోకరించి, ఎందరో తీర్మానములు చేసికొందురు. ఇక త్రాగను. ఇక పేకముక్క ముట్టను. ఇక ఇల్లాలిపై చేయెత్తను. అప్పిచ్చినవానితో ఇక బొంకను. ఆ తీర్మానములు బూటకములు కావు. ఆ కన్నీరు నటన కాదు. అయితే రెండు వారములకే సంక్రాంతి వచ్చును. కోడిపందెములు జరుగును, పాత మిత్రులు పిలుతురు. పండుగ వెళ్ళిన ఆదివారమునాడు ఆ చీటి ఇంకను బైబిలులోనే యుండును. తీర్మానము మాత్రము ఉండదు.

ఒక గృహస్థును తలచుకొందము. అతనికి పేరు అక్కరలేదు; అట్టివాడు ప్రతి పేటలోను గలడు. మొదటి యేడు పడినప్పుడు అతడు ఏడ్చెను. రెండవ యేడు సిగ్గుపడెను. మూడవ యేడు, ఇది నా స్వభావమే కాబోలు ననుకొనెను. నాల్గవ యేడు దేవాలయమున వెనుక బల్లకు చేరెను. ఐదవ యేడు, భార్యాబిడ్డలు మంచి బట్టలు కట్టుకొని ఆరాధనకు పోవుచుండగా, అతడు ఒంట్లో బాగులేదని మంచముపై అటుతిరిగి పరుండెను. ఆ యింట ఎవ్వరును అతనిని ప్రశ్నింపలేదు. ప్రశ్నింపకపోవుటయే అతనికి ఎక్కువ బాధ కలిగించెను.

ఈ మనుష్యుని దుఃఖమునకు ఒక కారణము మన కూటములలోనే యున్నది. సాక్ష్యము చెప్పువారిని గమనింపుడు. ప్రభువును ఎరుగకమునుపు ఇట్టి పాపిని, ఎరిగిన తరువాత ఇట్లు మారితినని చెప్పుదురు. అది సత్యమే, సంతోషింపదగినదే. కాని, ఎరిగిన తరువాత గూడ మూడుమారులు పడితిని, పోయిన వారము నాల్గవమారు పడితిని, నాకొరకు ప్రార్థింపుడని లేచి చెప్పువాడు ఎంత అరుదు! కనుక పడినవాడు, ఈ సంఘమునందెల్ల పడినవాడను నేనొక్కడనే యని భ్రమించును. ప్రక్క బల్లలమీద అదే భ్రమతో ఎందరు తలవంచుకొని కూర్చుండిరో అతడెరుగడు. మేము ఈ మాట ఒడ్డున నిలిచి చెప్పుటలేదు. ప్రభురాత్రి భోజన సమయమున మెల్లగా లేచి, చెప్పులు వెదకికొని బయటకు నడచినవారిలో మేమును ఉంటిమి.

అయితే మన సంఘముల పెద్దలు ఈ సంగతిని ఎరుగనివారా? కారు. తెనాలి, రేపల్లె సీమలలో లూథరన్ సంఘములు అనేకములు. 1842లో గుంటూరు చేరిన ఫాదర్ హయ్యరు సేవతో మొలకెత్తి, 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘముగా రూపొందిన సమాజమది. వారి ఆరాధన పాపపు టొప్పుకోలుతో ఆరంభమగును. దానిని పడినవాడొక్కడే చెప్పడు. సంఘమంతయు చెప్పును, గురువును చెప్పును. ప్రతి ఆదివారమును చెప్పుదురు. 1840లో నెల్లూరున నెలకొన్న అమెరికన్ బాప్టిస్టు మిషను క్రమముగా బాపట్లకును వ్యాపించెను. బాప్టిస్టులు విశ్వసించినవానిని నీట ముంచి బాప్తిస్మమిత్తురు. ఆ ముంచుట ఒక్కమారే. ప్రభువు బల్ల మాత్రము మరల మరల పరచబడును. ఇక సాల్వేషన్ ఆర్మీ యను రక్షణ సైన్యము వారు బాప్తిస్మమును, సంస్కార భోజనమును ఆచరింపరు. కాని వారి మందిరమున ముందుభాగమున ఒక సామాన్యమైన బల్ల యుండును. దానిని కరుణాపీఠమని భావింతురు. హృదయము భారమైనవాడు ఎవ్వడైనను వచ్చి అచ్చట మోకరింపవచ్చును. ఇంతకుముందు ఎన్నిమారులు మోకరించితివని ఆ బల్ల అడుగదు.

ఈ మూడు సంఘములకును బోధలో భేదములు కలవు. కాని ఒక్క విషయమున ఏకాభిప్రాయము కనుపించుచున్నది. విశ్వాసి ఇక పడడని ఎవ్వరును తలంపలేదు. పడనివారికొరకే ఐనచో ఈ ఒప్పుకోలెందులకు? ఈ బల్ల యెందులకు? వైద్యశాల కట్టినవాడు రోగులు వత్తురని ఎరిగియే కట్టును.

లూథరు చరిత్రమే ఇందుకు గొప్ప నిదర్శనము. మార్టిన్ లూథరు మఠమున సన్యాసిగా నున్న దినములలో తన పాపములను ఒప్పుకొనుటకు గంటలకొలది కూర్చుండెడివాడు. చిన్న తలంపును గూడ విడువక చెప్పెడివాడు. చెప్పి లేచిన తరువాత మరచినది మరియొకటి జ్ఞప్తికి వచ్చెడిది. ఆయన ఒప్పుకోలు వినవలసిన స్టౌపిట్స్ అను పెద్ద సహితము విసిగెను. లూథరునకు లోపించినది శ్రద్ధ కాదు. తన ఒప్పుకోలు సంపూర్ణమైన గాని క్షమ లభింపదని ఆయన తలంచెను. అనగా క్షమకు ఆధారమును తనలోనే వెదకుచుండెను. ఆ ఆధారము తనలో లేదని, క్రీస్తునందు మాత్రమే కలదని గ్రహించిననాడు ఆయనకు శాంతి కలిగెను. 1517లో ఆయన ప్రకటించిన తొంబది యైదు వాదములలో మొదటిదాని సారమేమన, విశ్వాసి జీవితమంతయు పశ్చాత్తాపమే యని. 1529లో వ్రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో, బాప్తిస్మపు అర్థము దినదినమును నెరవేరవలసినదని బోధించెను. పశ్చాత్తాపము ఒకనాటి పండుగ కాదు. వాకిలి ఊడ్చుట వంటి నిత్యకృత్యము. నిన్న ఊడ్చితిమిగదా యని నేడు మానిన ఇల్లాలు లేదు. నేడు మరల దుమ్ము పడినదని ఇల్లు విడిచిపోయిన ఇల్లాలును లేదు.

ఇంకను వెనుకకు పోయి చూతము. క్రీస్తుశకము 250లో రోమక చక్రవర్తి డెసియసు, తన ప్రజలెల్లరును దేవతలకు బలి యర్పించి అందుకు ధ్రువపత్రము పొందవలెనని ఆజ్ఞాపించెను. ప్రాణభయముచే ఎందరో క్రైస్తవులు బలి యర్పించిరి. కొందరు లంచమిచ్చి పత్రము మాత్రము కొనిరి. హింస తగ్గిన పిదప వారే ఏడ్చుచు సంఘద్వారమునకు వచ్చిరి. ఏమి చేయవలెను? రోమునందు నొవేషియనుడను పెద్ద, ఇట్టివారిని మరల చేర్చుకొను అధికారము సంఘమునకు లేదనెను. ఆఫ్రికాలోని కార్తేజి అధ్యక్షుడు సిప్రియనుడు, 251లో కూడిన సభలో ఇతర అధ్యక్షులతో కలిసి వేరుగా నిర్ణయించెను. పాపము చిన్నదని వారు చెప్పలేదు. పశ్చాత్తాపమునకు కాలము నిర్ణయించిరి, ఒక్కొక్కరి సంగతి వేరువేరుగా విచారించిరి; కాని ద్వారము మాత్రము మూయలేదు. ఆ సిప్రియనుడే హింసాకాలమున పట్టణము విడిచి దాగియుండెనని నిందపడినవాడు. 258లో ఆయన తన విశ్వాసముకొరకు శిరచ్ఛేదము పొందెను. ఒకనాడు దాగినవాడు ఒకనాడు నిలువగలడని దీనివలన తెలియుచున్నది.

ఇక అపొస్తలుడైన పేతురు కథకు వత్తము. నిజాంపట్నము రేవునను, బాపట్ల చెంత సూర్యలంక తీరమునను వల విసరువారికి ఈ కథ బోధపడినంతగా మరెవ్వరికిని బోధపడదేమో! రాత్రియంతయు వేటాడి వట్టి వలతో ఒడ్డు చేరుట యెట్టిదో వారెరుగుదురు. పేతురు జాలరి. గురువును ఎన్నటికి విడువనని అందరికంటె బిగ్గరగా వాగ్దానము చేసినవాడు. ఆ రాత్రియే ప్రధాన యాజకుని ముంగిట, నిప్పులవద్ద చలి కాగుచు, ఆయన ఎవరో ఎరుగనని మూడుమారులు బొంకెను. కోడి కూసిన పిదప బయటకు పోయి ఏడ్చెను. అదే రాత్రి గురువును పట్టిచ్చిన యూదాయు దుఃఖపడెను. తీసికొన్న సొమ్ము తిరిగి పారవైచెను. ఇద్దరును పడినవారే, ఇద్దరును దుఃఖించినవారే. ఒకడు తన దుఃఖముతో ఒంటరిగా పోయి నశించెను. మరియొకడు తోటివారి యొద్దకు తిరిగి వచ్చి వారితోనే యుండెను. వారితో నుండుటచేతనే, పునరుత్థానుడైన ప్రభువు తీరమున కనబడినప్పుడు ఆయనను చూడగలిగెను.

ఆ తీరమున ప్రభువు నిప్పులు చేసి, చేపలు కాల్చి ఉంచెను. బొంకిన రాత్రియు నిప్పులే. క్షమించిన ఉదయమును నిప్పులే. మూడుమారులు బొంకినవానిని మూడుమారులు ప్రేమ గలదా యని అడిగి, మందను మేపుమని పని అప్పగించెను. జరిగినదానిని మరుగుపరచలేదు, దానినిబట్టి త్రోసివేయనులేదు.

కథ ఇక్కడ ముగిసినచో, పేతురు ఒకమారు పడి లేచినవాడని చెప్పవచ్చును. కాని ముగియలేదు. సంవత్సరములు గడచిన తరువాత అంతియొకయ పట్టణమున, అన్యజనులైన విశ్వాసులతో కలిసి భుజించుచున్న పేతురు, యెరూషలేమునుండి కొందరు రాగానే భయపడి పంక్తినుండి వెనుదీసెను. పౌలు అందరియెదుట ఆయనను గద్దించెను. మనుష్యులకు జంకు పాత దౌర్బల్యమే మరల తల యెత్తెను. అపొస్తలుడైనను పాత పూడిక మరల చేరెను. అయినను ప్రభువు ఆయనను విడువలేదు, సంఘమును విడువలేదు. తన సహోదరుని ఏడుమారులవరకు క్షమింపవచ్చునా యని ఒకప్పుడు అడిగినవాడు ఈ పేతురే. డెబ్బది ఏడులమార్లని ప్రభువు సెలవిచ్చెను. నాలుగువందల తొంబదియని లెక్కించి, నాలుగువందల తొంబది యొకటవమారు త్రోసివేయుటకు కాదు ఆ మాట, లెక్క విడువుమనుటకు. మనుష్యుని అట్లు క్షమింపుమని ఆజ్ఞాపించిన దేవుడు, తాను మాత్రము అంతకంటె తక్కువ క్షమించునా?

లెక్క యనగా మన ప్రాంతమున ఒక చరిత్రము జ్ఞప్తికి వచ్చుచున్నది. బాపట్ల దాటి చీరాలవైపు పోవు రైలుమార్గమున స్టువర్టుపురము కలదు. ఉప్పును, ధాన్యమును పశువులపై వేసికొని ఊరూర విక్రయించి బ్రతికిన ఎరుకలవారి వర్తకము రైళ్ళు వచ్చినపిదప దెబ్బతినెను. 1871లో పుట్టి, 1911 చట్టముతో మద్రాసు రాజధానికిని వర్తించిన నేరస్థ జాతుల శాసనము, అట్టివారిని పుట్టుకతోనే నేరస్థులుగా ఎంచెను. 1913-14 ప్రాంతమున వారికొరకు ఏర్పడిన ఈ నివాసమునకు, మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభ్యుడగు సర్ హెరాల్డు స్టువర్టు పేరు పెట్టిరి. నిర్వహణము రక్షణ సైన్యమునకు అప్పగించిరి. చట్టప్రకారము పేరు నమోదైనవాడు నిర్ణీతవేళల హాజరు పలుకవలెను. అనుమతి లేక ఊరు దాటరాదు. ఎన్ని సంవత్సరములు నిజాయితీగా బ్రతికినను ఆ చట్టము కంటికి అతడు నేరస్థుడే. ఒకే ఊర కరుణాపీఠమును ఉండెను, హాజరుపట్టీయు ఉండెను. మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952 ఆగష్టు 31వ తేదినను ఆ శాసనము రద్దయ్యెను. పట్టీ పోయినను లోకుల నోట ఆ పేరు పోలేదు. 1970 తరువాతి సంవత్సరములలో లవణము గారును, కవి జాషువా కుమార్తెయైన హేమలతా లవణము గారును ఆ గ్రామమున దీర్ఘకాలము పనిచేసి, అచటివారికి గౌరవమైన బ్రతుకుతెరువు కల్పింప యత్నించిరి. వారు నాస్తికోద్యమమునకు చెందినవారు. క్షమను ప్రకటించు మనము చేయవలసిన పనిని వారు చేసిరని ఒప్పుకొనుట మనకు న్యాయము.

ఈ చరిత్రమును ఏల తలచితిమన, దేవుని గూర్చి మనలో అనేకుల తలంపు ఈ చట్టమును పోలియున్నది. పరలోకమున ఒక హాజరుపట్టీ కలదని, అందు మన పేరు చెరగని సిరాతో వ్రాయబడినదని, ఎంత వేడుకొన్నను మనము అనుమానితులమేనని మనము లోలోపల నమ్ముచున్నాము. సువార్త చెప్పునది దీనికి విరుద్ధము. పట్టీని ఉంచుకొని దయతలచుట కాదు క్షమ. పట్టీని తీసివేయుట క్షమ. ఆ తీసివేత మన తీర్మానబలమునకు బహుమానముగా రాలేదు. ప్రభువు సిలువయందు వెలయిచ్చి చేసినది.

అయినచో ఎన్నిమారులైనను పడవచ్చునా యని కొందరు శ్రోతలు అడుగుదురు. పౌలు కాలముననే ఈ ప్రశ్న పుట్టినది. రోమీయుల పత్రికలో ఆయన దానిని గట్టిగా త్రోసివేసెను. పూడిక తీయుదురుగదా యని కాలువలో చెత్త పోయువాడు రైతు కాడు. క్షమ పొందినవాడు చేయవలసిన పని కలదు. దొంగిలించిన సొమ్ము తిరిగి ఈయవలెను. కొట్టిన చేతితో ఇల్లాలిని క్షమాపణ వేడవలెను. ఆమె వెంటనే నమ్మకపోయినచో నొచ్చుకొనరాదు. నమ్ముటకు ఆమెకు కాలము కావలెను. ఆ ఇంట ప్రాణభయమే యున్నచో ఆమె దూరముగా నుండుట క్షమకు విరోధము కాదు. త్రాగుడువంటి వ్యసనము దేహమునకును పట్టిన వ్యాధి గనుక వైద్యుని చూచుట విశ్వాసలోపము కాదు. 1935లో అమెరికాలో ఇద్దరు త్రాగుబోతులు, బిల్ విల్సను అను వ్యాపారియు, బాబ్ స్మితు అను వైద్యుడును కలిసికొని ఆరంభించిన ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసము నేడు లోకమంతట వ్యాపించియున్నది. వారి మార్గము సుగమము: నా బలము చాలదని ఒప్పుకొనుట, తోటి పడినవానితో దాపరికములేక మాటలాడుట, జీవితమంతటికి గాక నేటి దినమునకు మాత్రము త్రాగకుండుట. డిసెంబరు 31 నాటి తీర్మానము సంవత్సరమంతటిని మోయబోయి విరిగినది. నేటి దినమును మోయుటకు నేటి కృప చాలును.

సంఘమునకును ఒక మాట. తిరిగి వచ్చినవానిని చూచి, ఈసారి ఎన్నాళ్ళో యని నవ్వు పెద్దలు మనలో లేకపోలేదు. ఆ నవ్వు ఒక హాజరుపట్టీయే. అతడు వచ్చినప్పుడు ప్రక్కకు జరిగి చోటిండు. ఇన్నాళ్ళు ఎక్కడ నుంటివని అడుగకుడు. పాటల పుస్తకము తెరచి, ఏ కీర్తనయో చూపుడు, అది చాలును.

ఇక, నేడు ఇంట మంచముపై పరుండి ఈ ప్రసంగమును అనుకొనకయే వినుచున్న సోదరుడా! మీ ఇంటివారు ఆరాధనకు పోయియుందురు. ఇది ఎన్నవమారో లెక్కింపకుము; అది నీ పని కాదు, దేవుడును లెక్కించుటలేదు. లేచి ముఖము కడుగుకొనుము. ఆరాధన సగమైపోయిన నేమి, వెనుక బల్లపై చోటుండును. రొట్టెయు పాత్రయు అందించు వేళకు లేచిపోకుము. ఆ బల్ల నీవంటివారికొరకును, మావంటివారికొరకును పరచినదే.